హాచికోని చూపించి మమ్మల్ని నోరు మూసుకోమంటే ఎలా?



ఈ పోస్టు కొంచెం పెద్దది. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక రూములో కూర్చుని రాశాం. టైప్ కొట్టింది ఒకరే గానీ మాట నలుగురిదీ, అందుకే "మేము" అనే రాస్తున్నాం. ఓపిక ఉన్నవాళ్లు ఇప్పుడే చదవండి, లేనివాళ్లు ఆదివారం చదవండి.

విషయం ఏంటంటే, మా హాస్టల్లో మూడు వారాల నుంచి మెస్ గొడవ నడుస్తోంది. పప్పులో పప్పు వెతుక్కోవాలి. వారానికి ఇన్ని గుడ్లు అని గోడ మీద బోర్డు ఉంది, ప్లేట్లోకి అందులో సగం కూడా రావు. మేము అరవలేదు, ధర్నా చెయ్యలేదు. స్టాకు రిజిస్టరు మెస్ కమిటీకి చూపించండి అని ఒక తెల్ల కాగితం మీద మర్యాదగా రాసి, రూము రూముకీ తిరిగి సంతకాలు తీసుకోవడం మొదలుపెట్టాం. అది తెలిసి ఒక పెద్దాయన (పేరు వద్దు, హోదా కూడా వద్దు) అందరినీ వరండాలో నిలబెట్టి ఒక మాట అన్నారు. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారురా మీరు. కుక్కకున్న విశ్వాసం కూడా లేదు మీకు."

ఆ రాత్రే హాస్టల్ గ్రూపులో ఎవరో హాచికో వీడియో పెట్టారు. మీరందరూ చూసే ఉంటారు. మంచు పడుతూ ఉంటుంది, రైల్వే స్టేషన్, ముసలి కుక్క, వెనకాల ఏడుపు మ్యూజిక్. కింద ఒక లైను: "ముద్ద పెట్టిన చేతిని పదేళ్లు మర్చిపోలేదు. చూసి నేర్చుకోండి." తెల్లారేసరికి ముగ్గురు ఫస్టియర్ తమ్ముళ్లు వచ్చి "అన్నా, మా పేర్లు కొట్టేయండి" అన్నారు. ఒకడైతే "అన్నం పెట్టేవాళ్ల మీద కంప్లైంట్ రాస్తే పాపం కదన్నా" అన్నాడు. వాడు భయపడి అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. మాకు ఎక్కువ బాధేసింది అందుకే.

వాసాల సంగతి పక్కన పెడదాం. కారే ఇంట్లో పడుకున్నవాడు పైకి చూడకుండా ఎలా ఉంటాడు? కుక్క సంగతే మాట్లాడదాం. ఎందుకంటే ఆ వీడియో చూశాక మేము కూడా కళ్లు తుడుచుకున్నాం, తర్వాత కూర్చుని హాచికో గురించి దొరికినదంతా చదివాం. చదివితే తేలింది ఏంటంటే, ఆ కుక్క కథ మా నోరు మూయించడానికి అస్సలు పనికిరాదు.

ముందు కథ తిన్నగా చెప్పుకుందాం. హాచికో 1923 నవంబరులో జపాన్ ఉత్తర భాగంలో, అకిటా ప్రాంతంలోని ఒడాటే ఊళ్లో పుట్టింది. దాని జాతి పేరు కూడా అకిటానే. టోక్యోలో పెద్ద యూనివర్సిటీలో వ్యవసాయ శాఖ ప్రొఫెసరు ఉండేవాడు, పేరు హిదెసబురో ఉయెనో. పొలాల చదును, సాగునీరు ఆయన సబ్జెక్టు. ఆయనకి మంచి అకిటా కుక్క కావాలంటే 1924 జనవరిలో ఈ పిల్లని గడ్డి సంచిలో పెట్టి రైలెక్కించి పంపారు. రెండు నెలల పిల్ల, చలికాలం, దాదాపు రోజంతా ప్రయాణం. ఇది చదివినప్పుడు మాలో ఒకడు నవ్వి, "నన్ను ఆశ్రమ పాఠశాలకి పంపింది కూడా ఇలాగే కదరా, జీపులో బస్తాల మధ్య" అన్నాడు. ఆ మాటకి అందరం నవ్వాం గానీ కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

జపాన్ భాషలో హాచి అంటే ఎనిమిది. చివరి "కో" తర్వాత జనం గౌరవంగా తగిలించింది. ప్రొఫెసరు రోజూ పొద్దున్న బయల్దేరితే హాచి షిబుయా స్టేషన్ దాకా వెళ్లేది, సాయంత్రం మళ్లీ ఎదురెళ్లేది. 1925 మే 21న ఆయన యూనివర్సిటీలోనే మెదడులో రక్తనాళం చిట్లి పడిపోయి చనిపోయాడు. వయసు 53. సాయంత్రం రైలుకి రాలేదు. వాళ్లిద్దరూ కలిసి ఉన్నది పదహారు నెలలు. హాచి స్టేషన్ దగ్గర చూసింది దాదాపు పదేళ్లు, 1935 మార్చి 8న చచ్చిపోయేదాకా.

వీడియోలో ఇంతవరకే ఉంటుంది. లేనిది ఇప్పుడు చెప్తాం.

ప్రొఫెసరు పోయాక హాచి ఆకలితో రోడ్డున పడలేదు. ముందు బంధువుల ఇళ్లలో ఉంచారు, చివరికి ఆ ఇంటి తోటమాలి కోబయాషి దాన్ని పెంచుకున్నాడు. ఆయన ఇల్లు షిబుయాకి దగ్గరే. తిండి పెట్టింది ఆయన, చూసుకుంది ఆయన, అదీ ఏళ్ల తరబడి. ఇప్పుడు ఆలోచించండి. విశ్వాసం అంటే అన్నం పెట్టిన చేతికి కట్టుబడి పడి ఉండటమే అయితే, హాచి కోబయాషి గుమ్మం దగ్గర పడుకుని ఉండాలి. అది అక్కడ తిని, రైలు టైముకి లేచి స్టేషన్‌కి పోయేది! ముద్ద లెక్క ప్రకారం చూస్తే హాచికో అంత విశ్వాసం లేని కుక్క ఇంకోటి లేదు. అది ముద్ద కోసం చూడలేదు, మనిషి కోసం చూసింది. ఆ వీడియో కింద లైను రాసినాయనకి ఈ తేడా తెలియదో, తెలిసే రాశాడో మాకు తెలియదు.

రెండోది. హాచిని మొదట్లో ఎవరూ మెచ్చుకోలేదు. స్టేషన్‌లో అడ్డం అని తరిమేవాళ్లు, కొట్టేవాళ్లు, పిల్లలు ఆటపట్టించేవాళ్లు. ఏడేళ్లు అలా నడిచింది. 1932లో హిరోకిచి సైటో అనే ఆయన జపాన్ దేశీ కుక్కల మీద పనిచేస్తూ హాచి కథ అసాహి పేపరుకి రాశాడు. అచ్చయిన రోజు నుంచీ కథ మారిపోయింది. తరిమినవాళ్లే తిండి తెచ్చి పెట్టారు. 1934 ఏప్రిల్లో స్టేషన్ ముందు కంచు విగ్రహం పెట్టారు, హాచి బతికుండగానే, దాని ఎదురుగానే. బడి పిల్లల నీతి పుస్తకంలో పాఠం కూడా వచ్చింది. ఆ పాఠం తాత్పర్యం ఏంటో తెలుసా? చేసిన మేలు మర్చిపోకు అని. జపాన్ అప్పటికే మంచూరియాని ఆక్రమించి ఉంది. చక్రవర్తి కోసం ప్రాణమిచ్చే పౌరులు కావాల్సిన కాలం. రెండో తరగతి పిల్లలకి ఒక కుక్కని చూపించి అలా ఉండమని నేర్పారు. హాచికి ఇవేమీ తెలియదు. అది సాయంత్రం రైలు కోసం చూస్తూ ఉంది, అంతే.

తర్వాత యుద్ధం వచ్చింది. లోహం కావాలని ఆ కంచు విగ్రహాన్నే కరిగించేశారు. ఇప్పుడు షిబుయాలో ఉన్నది 1948లో మళ్లీ పెట్టింది, మొదటి శిల్పి కొడుకు చేసింది. అకిటా కుక్కల గతి ఇంకా ఘోరం. తిండి కరువు, సైనికుల కోట్లకి చర్మాలు కావాలి, దాంతో కుక్కల్ని పట్టుకుపోయారు. సైన్యానికి పనికొచ్చే జర్మన్ షెపర్డ్‌లని మాత్రం వదిలారు. 1931లోనే ఈ జాతిని దేశపు సహజ సంపద అని ప్రభుత్వం ప్రకటించింది, పదిహేనేళ్లు తిరక్కుండా అదే జాతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలింది. అవి కూడా కొందరు దూరపు కొండ ఊళ్లలో దాచబట్టే మిగిలాయి. కాగితం మీద సంపద, అవసరం వస్తే చర్మం. ఇది చదువుతుంటే మాకు ఏవేవో ప్రాజెక్టులు, గనులు గుర్తొచ్చాయి. అది ఇంకో పోస్టు.

అన్నిటికంటే మాకు గుచ్చుకున్నది యాయె సకానో కథ. ప్రొఫెసరుతో కాపురం చేసిన ఆవిడ. హాచిని సంచిలోంచి తీసి బతికించుకున్న ఇంట్లో ఆవిడా ఉంది. కానీ పెళ్లి రిజిస్టరు కాలేదు. ఆయన పోయాక ఆ ఇల్లు ఆవిడకి రాలేదు, ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. కుక్కకి విగ్రహం పెట్టారు, ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు. 1961లో చనిపోయింది. టోక్యోలో ఆయన సమాధిలో ఆవిడ అస్థికలు కలిపింది 2016లో. యాభై అయిదేళ్లు పట్టింది. విశ్వాసం గొప్పది అని ఊరంతా మాట్లాడే చోట కూడా, ఎవరి విశ్వాసాన్ని లెక్కలో వేస్తారు అన్నది వేరే సంగతి. కాగితం ఉందా లేదా అని చూస్తారు. కాగితం సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం మాలో ఒకడు మండలాఫీసు చుట్టూ పదకొండు సార్లు తిరిగాడు. అకిటాలకి కూడా జాతి పత్రం ఉంటుందంట, వాటికి ఎన్నిసార్లు తిరగాలో మరి.

ఇంకో సంగతి, ఇది ఈ గ్రూపులో వాళ్లకి తప్పకుండా నచ్చుతుంది. అకిటా కుక్క రాజులది కాదు, ప్రొఫెసర్లది కాదు. దాని పూర్వీకులు కొండ వేటగాళ్ల కుక్కలు. జపాన్ ఉత్తర కొండల్లో మటాగి అనే వేటగాళ్లు ఉన్నారు. మంచులో ఎలుగుబంటి వేట వాళ్ల వృత్తి. వాళ్లకి కొండ దేవత ఉంది. కొండెక్కాక ఊళ్లో మాటలు మాట్లాడకూడదు, వేట కోసం వేరే మాటలు ఉంటాయి. చదువుతుంటే ఇది మన తాతల ముచ్చటే కదా అనిపించింది. ఆ వేటగాళ్ల వెంట ఎలుగుబంటిని నిలేసిన కుక్కల నుంచి వచ్చిందే ఈ జాతి. తర్వాత ఒడాటేలో వాటిని కుక్క పందేలకి వాడారు, పెద్ద సైజు కోసం బయటి జాతులతో కలిపారు, అసలు జాతి పోతోందని మళ్లీ గోల పెట్టి కాపాడారు.

మా తాతలు చెప్పేవాళ్లు, పూర్వం వేటకి పోతే మాంసం పంచేటప్పుడు కుక్క వాటా కుక్కకి తీసేవాళ్లంట. అది దయతో వేసిన ముక్క కాదు, వాటా. పని చేసింది కాబట్టి వాటా. కొండ మీద కుక్కకీ మనిషికీ మధ్య ఉన్నది అదీ. కిందకి దిగాక అదే కుక్క మెడకి పట్టీ వచ్చింది, "యజమాని" అనే మాట వచ్చింది, "విశ్వాసం" అనే మెప్పు కూడా వచ్చింది.

మనకి కూడా ఆ మెప్పు తెలుసు. "గిరిజనులు చాలా నమ్మకస్తులండీ, అమాయకులు, పాపం ఎదురు చెప్పరు" అని మన ముందే అంటారు, మనం సంతోషించాలన్నట్టు. మన్యంలో గొత్తి అని ఒక పద్ధతి ఉండేది, పెద్దవాళ్లని అడగండి. షావుకారు దగ్గర చిన్న అప్పు, దానికి మనిషి వెళ్లి ఏళ్లకేళ్లు చాకిరీ. అప్పు తీరదు, తండ్రి పోతే కొడుకు. అప్పుడు కూడా ఆ షావుకారు "నా గింజలు తిని పెరిగారు" అనే అనేవాడంట. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం వచ్చింది గానీ "తిన్న విశ్వాసం" అనే మాట మాత్రం రద్దు కాలేదు, మొన్న మా వరండా దాకా వచ్చింది.

ఆ ఫస్టియర్ తమ్ముడికి మేము చెప్పింది ఇదే. ఒరే, ఈ అన్నం ఎవరి ఇంటి నుంచీ రాలేదు. ప్రభుత్వ డబ్బు. మీ అమ్మ సంతలో కొన్న సబ్బు మీద కట్టిన పన్ను కూడా అందులో ఉంది. మెస్ ఛార్జీ నీ పేరు మీద వస్తుంది, నువ్వు లేకపోతే రాదు. ఇందులో వడ్డించేవాళ్లు ఉన్నారు, లెక్క రాసేవాళ్లు ఉన్నారు, యజమాని మాత్రం లేడు. నీ పప్పు నువ్వు అడగడం పాపం ఎలా అవుతుంది?

మా రూములోనే ఒకడు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు, వాడి మాట కూడా రాయాలి. "మీరు చెప్పేదంతా కరెక్టే గానీ, మేలు గుర్తుపెట్టుకోవడం తప్పు అన్నట్టు రాయకండ్రా" అన్నాడు. వాడికి నిరుడు టైఫాయిడ్ వచ్చింది. మా వంట అక్క పదిహేను రోజులు విడిగా జావ కాచి రూముకి తెచ్చి ఇచ్చింది. అది ఏ బోర్డు మీదా లేదు, ఎవరూ ఆవిడకి దానికి జీతం ఇవ్వలేదు. "ఆవిడ మీద కంప్లైంట్ అంటే నేను సంతకం చెయ్యను" అన్నాడు. మేమూ చెయ్యం. ఆ మాట మీద కాగితం తిరగరాశాం. వండేవాళ్ల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు, వాళ్ల చేతికి వచ్చే సరుకు ఎంతో చూపించండి అని స్పష్టంగా రాశాం. వాడు సంతకం పెట్టాడు. అక్క మీద వాడికున్నది, హాచికి ప్రొఫెసరు మీద ఉన్నది, ఆ రెండూ ఒకటే రకం అని మాకు అనిపిస్తుంది. ఆ పెద్దాయన మా దగ్గర అడిగింది మాత్రం ఆ రకం కాదు.

ఈ మధ్యలో ఇంకో చిన్న మాట. ఆ వీడియో చూసి మా క్లాసులో ఒక డబ్బున్న అబ్బాయి అకిటా కొంటానంటున్నాడు. దానికి రెండు పొరల బొచ్చు ఉంటుంది, మంచు దేశానిది. మన ఎండలకి అది ఏసీ గదిలో బందీయే. పైగా మొండి జాతి, కొత్తవాళ్లని నమ్మదు, వేరే కుక్కలతో పడదు. 1937లో హెలెన్ కెల్లర్ జపాన్ వెళ్లినప్పుడు హాచి కథ విని అలాంటి కుక్క కావాలని అడిగితే ఒక పిల్లని ఇచ్చారు. అమెరికా తీసుకెళ్లాక కొన్ని నెలలకే జబ్బు చేసి చచ్చిపోయింది. తర్వాత దాని అన్ననే పంపారు. విశ్వాసం కావాలంటే జాతి కుక్కని తెప్పించుకోనక్కర్లేదు, మన ఊరి కుక్కలు చాలు.

మా నలుగురి ఇళ్ల దగ్గరా కుక్కలు ఉన్నాయి, ఒక్కదానికీ జాతి పేరు లేదు. నల్లగా ఉంటే నల్లోడు, మచ్చలుంటే మచ్చోడు. ఆరేళ్లకి, ఏడేళ్లకి మమ్మల్ని ఆశ్రమ పాఠశాలకి తీసుకెళ్లిన రోజున అవి జీపు వెనకాల వాగు దాకా పరిగెత్తుకొచ్చాయి. ఇది మేము నలుగురం వేరు వేరు ఊళ్ల వాళ్లం, విడివిడిగా చెప్పుకుంటే నలుగురిదీ ఒకటే కథ వచ్చింది. మాలో ఒకడి నల్లోడు వాడు పోయాక కూడా ప్రతి సంత రోజూ జీపు ఆగే చింతచెట్టు దగ్గరికి వెళ్లి కూర్చునేదంట. దసరా సెలవలకి వాడు వెళ్లేసరికి అక్కడే ఉంది. సంక్రాంతికీ ఉంది. ఎండాకాలం సెలవలకి వెళ్తే లేదు. వాళ్లమ్మ ఫోన్లో చెప్పలేదు, పరీక్షలని.

హాచికో కథలో అందరూ మమ్మల్ని కుక్క జాగాలో నిలబెట్టి చూస్తున్నారు. మేము ఆ జాగాలో లేం. మేము పొద్దున్న రైలెక్కి వెళ్లినవాళ్లం. స్టేషన్ దగ్గర కూర్చున్నది మా అమ్మలు, అయ్యలు, ఆ కుక్కలు. మాకు విశ్వాసం అంటూ బాకీ ఉంటే అటువైపు ఉంది. మా ఇళ్లలో కాలేజీ గుమ్మం ఎక్కింది మేమే మొదలు. రిజిస్టరు చూపించండి అని అడగడం కూడా రాకుండా ఊరికి తిరిగి వెళ్తే, ఎదురుగా వచ్చినవాళ్లకి ఏం చూపిస్తాం?

ఆ ముగ్గురు తమ్ముళ్లలో ఇద్దరు నిన్న రాత్రి మళ్లీ వచ్చి సంతకం పెట్టారు. మూడోవాడు ఇంట్లో అడిగి చెప్తానన్నాడు, మేము తొందరపెట్టలేదు. ఇప్పటికి 43 అయ్యాయి. సోమవారం పొద్దున్న కాగితం ఇస్తున్నాం, ఒక నకలు మా దగ్గర ఉంచుకుంటున్నాం, తీసుకున్నట్టు రసీదు అడుగుతాం. వేరే హాస్టళ్లలో ఇలా రాసి ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, రసీదు ఇవ్వకపోతే ఏం చేశారో కామెంట్లో చెప్పండి. మెస్ కమిటీకి రిజిస్టరు చూపించిన హాస్టల్ ఉంటే అదీ చెప్పండి, మా వాళ్లకి ధైర్యం వస్తుంది.

లైట్లు తీసేస్తున్నారు. ఉంటాం.